పేరు చూడకుండా చెప్పగలగాలి

చిరంజీవి కిరణ్‌కు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఆఫీసులో అందరూ గొప్పగా చెబుతున్నారని మూడు వందల డాలర్లు పోసి ఆ సీసా కొన్నావు. తాగితే మామూలు బోర్బన్ విస్కీకీ దానికీ తేడా ఏమీ తెలియలేదని, నాలుకలోనే ఏదో లోపం ఉందేమోనని రాశావు. నీ నాలుకకేమీ కాలేదురా. రుచి ఎలా చూడాలో నీకెవరూ చెప్పలేదు, అంతే. కెంటకీలో ఇన్నేళ్లుగా ఉంటూ, ఇక్కడి డిస్టిలరీల్లో పనిచేసేవాళ్లతో కలిసి కూర్చుని నేను నేర్చుకున్నది చెబుతాను. ధర గానీ, దొరక్కపోవడం గానీ గ్లాసులో ఉండవు. పేరు చెప్పకుండా రెండు గ్లాసులు నీ ముందు పెడితే, ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెప్పగలగాలి. మిగతా నేర్పంతా దాని కోసమే.

ఎందుకో చెప్పాలంటే ఆ రుచి ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. బోర్బన్‌కి అమెరికాలో గట్టి చట్టం ఉంది. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీ నుంచి దిగేటప్పుడు 160 ప్రూఫ్ దాటకూడదు. ఇక్కడ ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెట్టింపు, కాబట్టి అది 80 శాతం. లోపల కాల్చిన కొత్త ఓక్ చెక్క పాత్రలో, 125 ప్రూఫ్ మించకుండా పోసి నిల్వ చెయ్యాలి. సీసాలోకి ఎక్కేటప్పుడు 80 ప్రూఫ్‌కి తగ్గకూడదు. నీళ్లు తప్ప రంగు గానీ ఫ్లేవర్ గానీ కలపకూడదు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ వెయ్యొచ్చు, ఇండియాలో దొరికే చాలా విస్కీల్లోనూ వేస్తారు. బోర్బన్‌లో మాత్రం నీకు కనిపించే రంగంతా చెక్క ఇచ్చిందే. అందుకే ముందు గ్లాసుని తెల్ల కాగితం ముందు పెట్టి చూడు. ముదురు రాగి రంగుంటే ఎక్కువ ఏళ్లు చెక్కలో ఉందనో, నీళ్లు తక్కువ కలిపారనో అనుకోవచ్చు. అంతకు మించి రంగుని నమ్మకు.

ఆ చెక్క గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే బోర్బన్ రుచిలో పెద్ద భాగం అక్కడే ఉంది. బ్యారెల్ లోపలి భాగాన్ని మంటతో కాలుస్తారు, దాన్నే చార్ అంటారు. నాలుగో నంబరు చార్ అంటే 55 సెకన్లపాటు కాల్చడం. లోపలి చెక్క బొగ్గై, మొసలి చర్మంలా పగుళ్లు తేలుతుంది, అందుకే దాన్ని ఎలిగేటర్ చార్ అంటారు. ఆ బొగ్గు వెనక వేడికి చెక్కలోని చక్కెరలు కరిగి, ఎర్రటి పొర ఒకటి ఏర్పడుతుంది. కెంటకీ ఎండాకాలంలో విస్కీ వ్యాకోచించి ఆ పొరలోకి చొచ్చుకుపోతుంది, చలికాలంలో వెనక్కి వస్తుంది. ఏళ్ల తరబడి ఇలా వెళ్లి వస్తూ రుచిని లాక్కొస్తుంది. ఎత్తైన గోదాముల్లో పై అంతస్తు వేడికి నీళ్లు త్వరగా ఆవిరై ప్రూఫ్ పెరుగుతుంది, చెక్క రుచి కూడా గట్టిగా ఎక్కుతుంది. కింది అంతస్తులో ఉన్నది నెమ్మదిగా, మెత్తగా తయారవుతుంది. ఒకే రోజు నింపిన రెండు బ్యారెళ్లు పైనొకటి కిందొకటి పెడితే, ఆరేళ్ల తర్వాత వాటి రుచి వేరు వేరుగా ఉంటుంది. సింగిల్ బ్యారెల్ అని, అంటే ఒకే బ్యారెల్ నుంచి నింపిందని రాసిన సీసాలు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉండేది ఇందుకే.

ఇక ధాన్యం. మొక్కజొన్న తీపినిస్తుంది. రెండో ధాన్యం ఏదన్నదాన్ని బట్టి స్వభావం మారుతుంది. ఎక్కువమంది రై వేస్తారు, దాంతో మిరియాల ఘాటు, పుదీనా లాంటి చల్లదనం వస్తాయి. కొందరు రై బదులు గోధుమ వేస్తారు, అప్పుడు ఘాటు తగ్గి తీపి, మెత్తదనం ముందుకొస్తాయి. నువ్వు ముందు కొనాల్సిన సీసాలు మూడే: మేకర్స్ మార్క్, వైల్డ్ టర్కీ 101, ఫోర్ రోజెస్ సింగిల్ బ్యారెల్. మేకర్స్ మార్క్‌లో 70 శాతం మొక్కజొన్న, 16 శాతం గోధుమ, మిగిలింది మొలకెత్తించిన బార్లీ. ఫోర్ రోజెస్ సింగిల్ బ్యారెల్‌లో రై 35 శాతం దాకా ఉంటుంది. వైల్డ్ టర్కీలో రై మధ్యస్థంగా ఉంటుంది, బ్యారెల్‌ని మాత్రం నాలుగో నంబరు దాకా గట్టిగా కాలుస్తారు. అక్కడి మాస్టర్ డిస్టిలర్ జిమ్మీ రస్సెల్ 1954లో పనిలో చేరారు, ఆ రుచి ఆయన చేతి కింద నిలబడిందే. మూడూ మామూలు షాపుల్లో దొరుకుతాయి. మూడింటి గుణం స్పష్టంగా వేరు కాబట్టి వీటితో మొదలుపెడితే తేడా పట్టుకోవడం సులువు.

ఇప్పుడు కూర్చుని చూసే పద్ధతి. కింద ఉబ్బుగా, పైన ఇరుకుగా ఉండే గ్లెన్‌కెయిర్న్ గ్లాసు కొనుక్కో, వాసన అందులో నిలబడుతుంది. ఒక్కోదానిలో 15 మిల్లీలీటర్లు చాలు, అంటే మన లెక్కలో చిన్న పెగ్గులో సగం. ఒక పూట మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే నాలుక మొద్దుబారుతుంది, ఆ తర్వాత నువ్వు రాసే దేనికీ విలువుండదు. ఉమ్మెయ్యడానికి పక్కన ఒక కప్పు పెట్టుకో, ఈ పని చేసేవాళ్లంతా ఉమ్ముతారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ప్రూఫ్ తక్కువున్నది ముందు, ఎక్కువున్నది తర్వాత. ఖాళీ కడుపుతో వద్దు, అలాగని మిరపకాయ బజ్జీలు, చికెన్ ఫ్రై తిన్న నోటితో అసలే వద్దు. మన పార్టీల్లో స్టఫ్ కారానికి ఏ విస్కీ అయినా ఒకేలా అనిపిస్తుంది. సోడా కలుపుకుని స్నేహితులతో తాగే రోజు వేరు, అదీ మంచిదే. రుచి చూసే రోజు మాత్రం మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్లు, అంతే. ఇంట్లో అగరొత్తి వెలిగించి ఉన్నా, పోపు వాసన ఉన్నా వాయిదా వెయ్యి.

పోశాక పది నిమిషాలు అలా వదిలెయ్యి, పైకి లేచే ఘాటు కొంత పోతుంది. తర్వాత గ్లాసుని గడ్డం దగ్గర పట్టుకుని మెల్లగా ముక్కు దాకా తీసుకురా. పెదాలు కొంచెం తెరిచి ఉంచి, ముక్కుతోనూ నోటితోనూ కలిపి గాలి పీల్చు. ముక్కు గ్లాసులోకి దూర్చి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ మండి, ఆ తర్వాత కాసేపు ఏ వాసనా తెలియదు. వైన్‌లా గిరగిరా తిప్పకు, అదీ ఘాటునే పైకి లేపుతుంది. ముక్కు అలిసిపోతే నీ చొక్కా చేతిని వాసన చూడు, మళ్లీ మామూలవుతుంది.

ఇక్కడి వాళ్లు రాసే వర్ణనలు చదివి టెన్షన్ పడకు. గ్రాహమ్ క్రాకర్, మేపుల్ సిరప్ అంటారు, వాళ్లు చిన్నప్పుడు తిన్నవి అవి. నీ ముక్కు ఎరిగినవాటి పేర్లే రాసుకో. ముదురు బెల్లం పాకం, ఎండు కొబ్బరి, లవంగం, నిప్పుల మీద కాల్చిన పొత్తు, సపోటా, ఎండు ఖర్జూరం, ఇవన్నీ బోర్బన్‌లో నాకు తగిలినవే. ఇవి ఊహలు కావు, ఒక్కోదానికి కారణం ఉంది. పాకం వాసన కాల్చిన చెక్కలోని చక్కెరల నుంచి వస్తుంది. వెనిలా, కొబ్బరి, లవంగం కూడా ఓక్ ఇచ్చేవే, లవంగానికి వాసన తెచ్చే యూజినాల్ ఓక్‌లోనూ ఉంటుంది. పళ్ల వాసనలు ఎక్కువగా పులిసేటప్పుడు ఈస్ట్ వల్ల పుడతాయి. ఫోర్ రోజెస్ వాళ్లు రెండు రకాల ధాన్యం మిశ్రమాలు, ఐదు రకాల ఈస్ట్‌లు కలిపి పది రకాల బోర్బన్‌లు చేస్తారు, అంత తేడా తెస్తుంది ఈస్ట్. కొబ్బరి వాసన తగిలితే అది చెక్క, మిరియం తగిలితే రై, అరటిపండు తగిలితే ఈస్ట్ అని పక్కన రాసుకుంటూ పో. కొన్నాళ్లకి ముక్కుకీ బుద్ధికీ లంకె పడుతుంది.

మొదటి గుక్క నోటిని సిద్ధం చెయ్యడానికే, దాని మీద ఏ తీర్పూ ఇవ్వకు. రెండో గుక్కని నాలుక మీద ఉంచి, చిగుళ్లకీ బుగ్గలకీ తగిలేలా నములుతున్నట్టు తిప్పు. జిమ్ బీమ్ మనవడు బుకర్ నో ఇలాగే చేసేవారు, దాన్నే కెంటకీ చ్యూ అంటారు. ముందు తీపి తగులుతుందా, మధ్యలో ఏం మారింది, మింగాక ఏం మిగిలింది, ఈ మూడూ చూడు. మింగాక నోరు మూసుకుని గడియారం చూడు. మంచి బోర్బన్ రుచి చాలాసేపు మారుతూ ఉంటుంది, నాసిరకంలో మంట మాత్రమే మిగులుతుంది. ఛాతీలో వెచ్చగా దిగేదాన్ని ఇక్కడ కెంటకీ హగ్ అంటారు. అది బాగుంటుంది, కానీ రుచి కింద లెక్కెయ్యకు. తప్పులు కూడా గుర్తుపట్టాలి. పచ్చి మొక్కజొన్న పిండి వాసన వస్తే వయసు చాలలేదు. గోళ్ల రంగు తుడిచే మందు వాసన ముందుకొస్తే నాకు అది నచ్చదు. నాలుక ఆరిపోయి కషాయంలా చేదెక్కితే చెక్కలో ఎక్కువకాలం ఉండిపోయింది. వయసు ఎక్కువైతే మంచిదే అని చాలామంది అనుకుంటారు. కొత్త బ్యారెల్, ఈ ఎండలు కలిస్తే పదిహేనేళ్లు దాటినవి చాలావరకు నా నోటికి చెక్కలాగే ఉంటాయి.

నీళ్లు కలపడం గురించి అడిగావు. నిస్సంకోచంగా కలుపు. ముందు అలాగే రుచి చూసి, తర్వాత చుక్కలు చుక్కలుగా వేసుకో. బ్యారెల్ ప్రూఫ్ అంటే నీళ్లు కలపకుండా బ్యారెల్‌లో ఉన్నట్టే నింపింది, 60 శాతం ఉన్న అలాంటిది 15 మిల్లీలీటర్లకి 3 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 50 శాతానికి దిగుతుంది. ఘాటు వెనక దాక్కున్న వాసనలు అప్పుడు బయటికొస్తాయి. కొన్ని మాత్రం నీళ్లు తగలగానే పలచబడి విడిపోతాయి, అదీ నోట్ చేసుకో.

అసలు పరీక్ష ఇది. స్వాతిని అడుగు, మూడు గ్లాసుల అడుగున చీటీలు అంటించి, రెండింటిలో ఒకే బోర్బన్, మూడోదానిలో వేరేది పొయ్యమను. నువ్వు వేరే గదిలో ఉండు. తేడాగా ఉన్న గ్లాసేదో పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారితో తేల్చకు, వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ చెయ్యి. ముందు మేకర్స్ మార్క్, ఫోర్ రోజెస్‌తో చేస్తే త్వరలోనే పట్టుకుంటావు. తర్వాత నీ ఖరీదైన సీసాని వైల్డ్ టర్కీ పక్కన పెట్టించు. నచ్చింది ఏదో రాశాకే చీటీ తియ్యి. వందకి మార్కులు వెయ్యడం నాకు ఇష్టం లేదు. ఆ ధరకి దీన్ని మళ్లీ కొంటానా లేదా అని ఒక్క వాక్యం రాసుకో, అదే నిజమైన మార్కు.

షాపులో లేబుల్ వెనక్కి తిప్పి చదువు. స్ట్రెయిట్ అని ఉంటే కనీసం రెండేళ్లు బ్యారెల్‌లో ఉంది, నాలుగేళ్ల లోపైతే వయసు రాసి తీరాలి. బాటిల్డ్ ఇన్ బాండ్ అంటే 1897 చట్టం కిందికొచ్చింది: ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసి, ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు ఉంచి, 100 ప్రూఫ్‌లో నింపింది. తక్కువ ధరలో నమ్మకంగా కొనాలంటే నేను ఆ మాట కోసమే వెతుకుతాను. ఎక్కడ డిస్టిల్ చేశారో కూడా చూడు. ముందువైపు తాతల కాలం కథ రాసి, వెనక ఇండియానాలో డిస్టిల్ చేసినట్టు ఉంటే, వేరేచోట కొని తమ పేరు వేసుకున్నారన్న మాట. ఆ విస్కీ చాలాసార్లు బాగానే ఉంటుంది, కథకి మాత్రం డబ్బులు పెట్టకు.

సీసాని ఎప్పుడూ నిలువుగానే పెట్టు, పడుకోబెడితే ఆల్కహాల్ కార్క్‌ని తినేస్తుంది. ఎండ తగలనివ్వకు. మూడో వంతుకి దిగిన సీసాని ఏళ్ల తరబడి దాచకు, లోపలి గాలికి రుచి చప్పబడిపోతుంది, ఎవరైనా వచ్చినప్పుడు పొయ్యి.

డిసెంబర్‌లో ఇద్దరూ వస్తామన్నారుగా. లారెన్స్‌బర్గ్‌లో వైల్డ్ టర్కీ, ఫోర్ రోజెస్ రెండూ ఒకే రోజు చూసెయ్యొచ్చు, టూర్ టికెట్లు ముందే బుక్ చేస్తాను, తేదీలు త్వరగా చెప్పు. నీ నోట్‌బుక్ తెచ్చుకో. కారు నేనే నడుపుతాను, ఆ రోజు నేను ముట్టుకోను.

మీ అత్తయ్య నిన్నూ స్వాతినీ అడిగానని చెప్పమంది.

ప్రేమతో,
మామయ్య
లూయివిల్