గిరాకీ తగ్గిన చలికాలంలో మన వీధి హోటలు

కరోనా లాక్‌డౌన్ వల్ల 2020 మార్చి నెలాఖరున మూతపడిన హోటళ్లకు జూన్ 8 నుంచి కూర్చోబెట్టి వడ్డించేందుకు అనుమతి వచ్చింది. అయినా 2020 డిసెంబరు నాటికి నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో కాలేజీలు, హాస్టళ్లు ఇంకా తెరుచుకోనందువల్ల, పెద్దవాళ్లున్న ఇళ్లవారు బయట తినడానికి వెనుకాడినందువల్ల పాత గిరాకీ తిరిగి రాలేదు. ఆ డిసెంబరులో మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీని గురించే ఉన్నాయి కనుక, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా వీధి చివర ఏళ్లుగా నడుస్తున్న మెస్ ఉంది. భార్యాభర్తలిద్దరూ వండి వడ్డిస్తారు. విద్యార్థులు లేక ఇప్పుడు సగం బెంచీలు ఖాళీగా ఉంటున్నాయి. మా అత్తమ్మకు షుగరు ఉన్నందున మేము అక్కడ కూర్చుని తినలేము. వారానికి ఒకటి రెండు సార్లు పార్సిల్ తెచ్చుకుంటే వారికి నిజంగా ఆసరా అవుతుందా?
— ఒక గృహిణి, రామగిరి, నల్లగొండ

జవాబు: తప్పకుండా అవుతుంది, అదీ మీరు ఊహించినదానికంటే ఎక్కువగా అవుతుంది. ఎందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఒక టిఫిన్ సెంటరులో ప్లేటు ధర 30 రూపాయలనీ, అందులో పప్పు, బియ్యం, నూనె, గ్యాసు కలిపి 15 రూపాయలు పోతాయనీ అనుకుందాం. మల్గీ కిరాయి, పనివాడి కూలి, కరెంటు బిల్లు కలిపి రోజుకు 1,000 రూపాయలనుకుందాం. రోజుకు 120 ప్లేట్లు అమ్ముడైనప్పుడు ఖర్చులన్నీ పోను యజమానికి మిగిలేది 800 రూపాయలు. అవే ప్లేట్లు 80కి తగ్గితే మిగిలేది 200 మాత్రమే. అమ్మకం మూడో వంతే తగ్గింది, కానీ ఇంటికి వెళ్లే డబ్బు నాలుగో వంతుకు పడిపోయింది. మొదటి 67 ప్లేట్ల మీద వచ్చేదంతా కిరాయికీ కూలికీ సరిపోతుంది. వారి పిల్లల ఫీజూ, ఇంట్లో మందులూ ఆ తర్వాత అమ్ముడయ్యే ప్లేట్ల మీదే ఆధారపడి ఉంటాయి. మీ ఇంటి నుంచి వెళ్లే నాలుగు ప్లేట్ల ఆర్డరు చేరేది ఆ చివరి లెక్కలోకే.

అయితే ఎప్పుడో గుర్తొచ్చిన రోజు తెచ్చుకోవడం కంటే రోజులు ఖాయం చేసుకోవడం మేలు. గత వారం నేను తరచూ భోజనం చేసే ఒక మెస్‌కు కొంచెం ముందుగా వెళ్లి కూర్చున్నాను. ఆ ఇల్లాలు డబ్బాతో బియ్యం కొలుస్తూ మూడు డబ్బాలు పోసి, నాలుగోది సగం నింపి, గడప వైపు ఒకసారి చూసి, అందులోంచి రెండు గుప్పిళ్లు తిరిగి సంచిలో వేశారు. ఎందరు వస్తారో తెలియనివారు తక్కువ వండితే వచ్చినవారిని వెనక్కి పంపాలి, ఎక్కువ వండితే రాత్రికి మిగిలినదాన్ని పారబోయాలి. రెండింటిలోనూ నష్టం వారిదే. అందుకని ప్రతి బుధ, శనివారాల్లో నాలుగు భోజనాలు కావాలని ముందుగా చెప్పండి, ఆ మాట తప్పకండి. మీ వీధిలో మరో పది ఇళ్లవారు తలా ఒక రోజు పంచుకుంటే వారికి ఏ రోజు ఎంత వండాలో తెలుస్తుంది.

ఇంకో రెండు మాటలు. ఉద్దెర ఖాతా ఉంటే దాన్ని ముందు తీర్చండి. వందలు రెండు వందలుగా పది ఇళ్లలో ఆగిపోయిన డబ్బు చిన్న హోటలుకు చిన్న మొత్తం కాదు. ఆర్డరును యాప్ ద్వారా కాకుండా నేరుగా ఫోనులో చెప్పండి. యాప్ కమిషను నూటికి 20 అనుకున్నా, పైన చెప్పిన 30 రూపాయల ప్లేటు మీద 6 రూపాయలు పోయి, మిగులు 15 నుంచి 9కి దిగుతుంది. ఫోను ద్వారా యూపీఐలో డబ్బు పంపితే మాత్రం దుకాణదారుకు కోత లేదు. 2020 జనవరి 1 నుంచి ఆ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర రుసుము వసూలు చేయడాన్ని కేంద్రం తొలగించింది. వెళ్లేటప్పుడు మీ స్టీలు క్యారేజీ తీసుకువెళ్లండి. వేడి సాంబారు పలుచని ప్లాస్టిక్ కవరులో పోయించుకోవడం ఎవరికీ మంచిది కాదు, వారికి కవరు ఖర్చూ మిగులుతుంది.

ప్రశ్న: నాది ఒక మల్గీలో నడిచే చిన్న టిఫిన్ సెంటరు. పొద్దున, సాయంత్రం చలిగాలి కొడుతుందని వచ్చినవారు షట్టరు సగం దించమంటున్నారు. దించితే కరోనా భయం, దించకపోతే గిరాకీ పోతుందన్న భయం. ఏం చేయమంటారు?
— ఒక యజమాని, మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్

జవాబు: షట్టరు దించవద్దు. ఈ ఉత్తరాలన్నింటిలో నేను ఎటువంటి సందేహం లేకుండా చెప్పగలిగిన మాట ఇదే. మనిషి మాట్లాడినా, దగ్గినా వెలువడే పెద్ద తుంపరలు మూడు నుంచి ఆరు అడుగుల్లో కింద పడిపోతాయి కానీ, అతి సన్నని తుంపరలు మూసిన గదిలో బీడీ పొగలాగా చాలాసేపు తేలుతూనే ఉంటాయి. తినేవారికి మాస్కు ఉండదు కనుక హోటల్లో ఈ ప్రమాదం కిరాణా కొట్టుకంటే ఎక్కువ. మన మల్గీలకు ముందు షట్టరు తప్ప వెనుక కిటికీ ఉండకపోవడం మరో ఇబ్బంది. వెనుక బల్ల దగ్గర గాలి కదలదు.

మీ గదిలో గాలి ఎటు పోతున్నదో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర లేదు. వెనుక బల్ల మీద ఒక అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ అక్కడే చుట్టలు తిరుగుతుంటే ఆ చోట మనుషులను కూర్చోబెట్టకండి, అక్కడ బియ్యం బస్తాలు పెట్టుకోండి. పొయ్యి మీద ఎగ్జాస్టు ఫ్యాను ఉంటే, పొయ్యి ఆర్పిన తర్వాత కూడా చివరి మనిషి వెళ్లేదాకా దాన్ని నడపండి. అది వెనుక నుంచి గాలిని బయటికి లాగుతున్నంతసేపూ ముందు నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. ఎగ్జాస్టు పెట్టే వీలు లేకపోతే, స్టాండు ఫ్యానును గుమ్మం పక్కన బయటికి ముఖం పెట్టి నడపండి. ముఖాల మీదికి తిప్పితే ఒకరి శ్వాస ఇంకొకరికి చేరుతుంది.

చలికి మందు వేడి తిండే. పొద్దున ఏడు గంటలకు పొగలు కక్కే ఇడ్లీ, ఉప్మా, అల్లం చాయ్ ఇస్తే నిలబడి తినడానికి మనవాళ్లు వెనుకాడరు. వీలుంటే మల్గీ ముందున్న జాగాలో పైన మాత్రం టార్పాలిన్ కట్టి, మూడు పక్కలా వదిలేసి రెండు బల్లలు వేయండి. పక్కలు కూడా కప్పేస్తే అది బయలు కాదు, ఇంకో గది అవుతుంది. ఒక హెచ్చరిక: చలి కాచుకోవడానికి బొగ్గుల కుంపటిని లోపల పెట్టి షట్టరు దించే పని ఎన్నడూ చేయకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, కళ్లు మంటలు రావు, మనిషి కూర్చున్నచోటే స్పృహ తప్పుతాడు.

మీ దగ్గర పనిచేసే పిల్లవాడి సంగతి మీరు రాయలేదు కానీ, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యమనిపిస్తున్నది. జ్వరం వచ్చిందని చెబితే ఆ రోజు కూలి పోతుందనుకునేవాడు ఒక పారాసిటమాల్ వేసుకుని పనిలోకి వస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు. పడుకున్న రోజులకు సగం కూలైనా ఇస్తానని ఇప్పుడే చెప్పి ఉంచండి. మీకది భారమే, నాకు తెలుసు. కానీ వంటమనిషికి కరోనా వచ్చి రెండు వారాలు హోటలు మూసుకోవడం కంటే అది చిన్న భారం.

ప్రశ్న: పార్సిల్ తిండి మీద, దాని కవరు మీద వైరస్ ఉండదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: వండిన ఆహారం ద్వారా ఈ వ్యాధి సోకుతుందనడానికి ఆధారాలు లేవు. తెచ్చినదాన్ని మీ ఇంటి గిన్నెల్లోకి మార్చుకుని, కవరు పారవేసి, సబ్బుతో చేతులు కడుక్కుని తినండి. సబ్బు ఈ వైరస్ పైనున్న కొవ్వు పొరను కరిగించేస్తుంది. జాగ్రత్త పడవలసింది పార్సిల్ అందేదాకా గుంపులో నిలబడే ఆ పది నిమిషాల విషయంలో. ముందే ఫోను చేసి, తయారైన తర్వాతే వెళ్లండి.

ప్రశ్న: నేను మిర్చి బండి నడుపుతాను. లాక్‌డౌన్‌లో చేతిలో ఉన్నదంతా తినేశాము. ఇప్పుడు నూనె డబ్బాకు కూడా రోజువారీ వడ్డీకి తెస్తున్నాను. బండ్ల వారికి 10,000 లోను ఇస్తారంటున్నారు, నిజమేనా?
— ఒక వీధి వ్యాపారి, మిర్యాలగూడ

జవాబు: నిజమే. 2020 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి స్వనిధి పథకం కింద, 2020 మార్చి 24 నాటికే పట్టణంలో వీధి వ్యాపారం చేస్తున్నవారికి ఎటువంటి తాకట్టూ లేకుండా మొదట 10,000 రూపాయల వరకు రుణం ఇచ్చేవారు. దాన్ని ఏడాదిలో నెలవారీగా కట్టాలి. వాయిదాలు వేళకు కడితే 7 శాతం వడ్డీ రాయితీ మీ ఖాతాలో పడుతుంది, తర్వాత ఇంకా పెద్ద రుణానికి అర్హత వస్తుంది. ఫోను ద్వారా డబ్బు తీసుకునేవారికి 2020లో నెలకు 100 రూపాయల వరకు అదనంగా తిరిగి వచ్చేది.

మున్సిపాలిటీ సర్వేలో మీ పేరుండి గుర్తింపు కార్డు ఇచ్చి ఉంటే పని సులువు. లేకపోయినా నిరాశపడకండి, మీరు వీధి వ్యాపారి అని మున్సిపాలిటీ సిఫారసు పత్రం ఇస్తే సరిపోతుంది. ఆ కార్యాలయంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని అడగండి. ఆధార్‌కు మీ ఫోను నంబరు జతయి ఉందో లేదో ముందుగా చూసుకోండి, లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. రుణం చేతికి రాగానే దాంతో మొదట రోజువారీ వడ్డీ బాకీని తెంపేయండి. పొద్దున 900 చేతికిచ్చి సాయంత్రం 1,000 కట్టించుకునే అప్పు మీద ఎంత బాగా సాగే మిర్చి బండైనా నిలవదు.

ప్రశ్న: నా మల్గీలో ఒక హోటలు కిరాయికి ఉంది. నాలుగు నెలలుగా సగమే ఇస్తున్నారు. మాకూ ఆ కిరాయే ఆధారం. ఖాళీ చేయించడమా, ఊరుకోవడమా?
— ఒక యజమాని, వనపర్తి

జవాబు: ఈ రోజుల్లో ఖాళీ అయిన మల్గీకి కొత్త కిరాయిదారు ఎప్పుడు దొరుకుతారో ముందు బజారులో ఒకసారి నడిచి చూడండి. దించి ఉన్న షట్టర్లను లెక్కపెట్టిన తర్వాత సగం కిరాయి చిన్నదిగా కనిపించదు. అలాగని మొత్తం మాఫీ చేయాలని కూడా నేను అనను. రాబోయే ఆరు నెలలు ఒక కనీస మొత్తం, దానిపైన అమ్మకంలో ఇంత భాగం అని కూర్చుని మాట్లాడుకోండి. మిగిలిన బాకీని గిరాకీ కోలుకున్న తర్వాత వాయిదాలుగా కట్టేట్టు ఇద్దరూ కాగితం మీద రాసుకోండి. నోటిమాటగా వదిలేస్తే తర్వాత ఇరువైపులా మనసులు చెడతాయి.

మీ కిరాయిదారుకు బ్యాంకులో ముద్రా రుణమో, మరో వ్యాపార రుణమో ఉంటే, ప్రభుత్వ హామీతో ఇచ్చే అదనపు రుణం ఏదైనా ఉందేమో అక్కడ అడగమని చెప్పండి. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం వరకు, కొత్త తాకట్టు లేకుండా, ప్రభుత్వ హామీతో అదనపు రుణం ఇచ్చే అత్యవసర పథకం గడువును అప్పట్లో 2021 మార్చి 31 వరకు పొడిగించారు. మొదటి ఏడాది అసలు కట్టనక్కర ఉండేది కాదు, వడ్డీ మాత్రం కట్టాల్సి ఉండేది. పాత వాయిదాలు మరీ వెనుకబడి ఉండకూడదన్నది షరతు. ఇలాంటిది కొత్త అప్పే కనుక, కిరాయి బాకీ తీర్చడానికి మొత్తం తీసుకోమని మాత్రం మీరు ఒత్తిడి పెట్టవద్దు.

జనవరి కిరాయి తేదీ రాకముందే మీరే వారి దగ్గరకు వెళ్లి ఈ మాట ఎత్తండి. అడగడానికి సిగ్గుపడి, రాత్రికి రాత్రి గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయిన కిరాయిదారులను 2020లో నేను ఇద్దరిని చూశాను.