కాలనీ వాన నీరు చెరువుకు మేలా, కీడా?

ప్రశ్న: మా కాలనీ చెరువుకు ఎగువన ఉంది. ఇళ్ల డ్రైనేజీ వేరుగా పోతుంది. వాన నీటి కాలువ మాత్రం నేరుగా చెరువులో కలుస్తుంది. జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన మర్నాడు చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. ఎవరో విషం కలిపారంటున్నారు. కాలువను చెరువులోకి రాకుండా పక్కకు మళ్ళిద్దామని మా సంఘం ఆలోచన. మీరేమంటారు?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, విషమని తేల్చే ముందు వేసవంతా మీ రోడ్ల మీద ఏం పేరుకుందో చూడాలి. బళ్ల నుంచి కారిన ఆయిలు, టైర్ల పొడి, కుక్కల పెంట, రాలిన ఆకులు, టిఫిన్ బండ్ల దగ్గర పారబోసిన ఎంగిలి, కట్టే ఇళ్ల ముందు పోసిన ఇసుక. ఇదంతా మొదటి జడివానకే కాలువలోకి దిగిపోతుంది. తర్వాతి వానల నీళ్లు సాధారణంగా ఇంత మురికిగా ఉండవు. కుళ్లే సరుకంతా ఒక్కసారిగా చెరువులో పడితే, దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. పైగా మబ్బు పట్టిన రోజున నీటిలోని నాచు ఆక్సిజన్ తక్కువగా ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అందుకే. మీ చెరువులో జరిగింది కూడా ఇదే కావచ్చు. మళ్ళీ ఇలా జరిగితే ఆ పూటే నీటి శాంపిల్ తీసి పరీక్షకు పంపండి, అనుమానం తీరిపోతుంది.

ఇక మళ్ళించడం గురించి. దయచేసి ఆ పని చేయకండి. చిన్న నీటి వనరుల శాఖలో ఇంజనీరుగా ఉద్యోగమంతా చెరువు కట్టల మీదే గడిపినవాణ్ణి, గట్టిగానే చెబుతున్నాను. వాన నీరు రాకపోతే చెరువు ఎండుతుంది. ఎండిన శిఖంలో, అంటే చెరువు గర్భంలో, ముందు మట్టి లారీలు దిగుతాయి, ఆ వెనకే ప్లాట్ల రాళ్లు లేస్తాయి. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. మీరు మళ్ళించిన మురికి కింది చెరువుకు చేరుతుంది, అక్కడి చేపలు చస్తాయి.

మురుగు వేరుగా పోతుందన్నారు కదా, ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం ఆ కాలువ పొడవునా నడవండి. వాన లేని రోజున అందులో నీళ్లు పారుతున్నాయంటే ఎవరిదో బాత్రూమ్ పైపో, సెప్టిక్ ట్యాంకు పైపో కలిసిందేమోనని అనుమానించాలి. తడి ఎక్కడ మొదలైందో అక్కడే వెతకండి. ఇళ్లవాళ్లతో గొడవ వస్తుందని చాలా సంఘాలు దీన్ని వదిలేస్తాయి. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇదే, ఎందుకంటే ఈ కలిసిన పైపులు తీయకుండా మిగతా ఎన్ని చేసినా ఉపయోగం ఉండదు.

ఆ తర్వాత కాలువ చెరువులో కలిసేచోట నీటి వేగం తగ్గించాలి. కలవడానికి ముందే వెడల్పాటి తొట్టి కట్టి, చెత్త ఆగేలా ఇనుప జాలీ పెట్టండి. ఇసుక, ఒండ్రు అక్కడే అడుగుకు దిగుతాయి. తొట్టి దాటిన నీళ్లు జమ్ము, తుంగ, వట్టివేరు పెంచిన మడిలోంచి మెల్లగా పారాలి. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ (ఆ హద్దు వెలుపల కట్టడాలు లేకుండా వదలాల్సిన స్థలం) హద్దులుంటాయి కాబట్టి అధికారుల అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టండి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు బఫర్ 30 మీటర్లు.

తొట్టిని, కాలువను మే నెలాఖరుకల్లా శుభ్రం చేయించండి. తీసిన పూడికను కాలువ గట్టునే కుప్పలు పోసి వెళ్లిపోవడం ప్రతి ఊళ్లో చూస్తున్నాం. అది తొలి వానకే మళ్ళీ లోపలికి జారుతుంది. ట్రాక్టరు వచ్చి ఎత్తుకెళ్లేదాకా ఎవరైనా నిలబడి చూడాలి. బిల్లు కూడా ఆ తర్వాతే ఇవ్వండి.

ప్రశ్న: మా ఇల్లు 200 గజాలు. ఇంకుడు గుంత తీస్తే నిజంగా తేడా ఉంటుందా? కారు కడిగిన నీళ్లు కూడా అందులోకే వదలొచ్చా?
– ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: లెక్క వేద్దాం బాబూ. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. స్థలమంతా స్లాబు, గచ్చే అయితే 20 మిల్లీమీటర్ల వానకు 3,300 లీటర్లకు పైగా వీధిలోకి పోతాయి. మీ వీధిలో అన్ని ఇళ్లవీ కలిస్తే, రోడ్డు మీది మురికిని చెరువు దాకా తోసుకెళ్లేది ఆ వరదే. కాబట్టి తప్పకుండా తేడా ఉంటుంది.

డాబా నీళ్లు మాత్రమే వదలండి, తొలి వాన నీళ్లు తప్ప. కారు కడిగిన నీళ్లలో ఆయిలు, సబ్బు ఉంటాయి, అవి మీ బోరులోకే దిగుతాయి. కారును బకెట్ నీళ్లతో, తడి గుడ్డతో తుడుచుకుంటే చాలు. గుంతలో అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన దొడ్డు ఇసుక వేయాలి. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడగకపోతే పూడుకుపోతుంది. తవ్వేటప్పుడు బండ తగిలితే అక్కడ నీళ్లు ఇంకవు, వేరే చోటు చూసుకోండి లేదా సంపులో పట్టుకోండి.

ప్రశ్న: మా చెరువు చిక్కటి ఆకుపచ్చగా మారింది. బాక్టీరియా మందు చల్లితే బాగవుతుందని ఒక కంపెనీవాళ్లు అంటున్నారు.
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ డబ్బు దాచుకోండమ్మా. నాచుకు మేత భాస్వరం, నత్రజని. మురుగు, సబ్బు నీళ్లు, పచ్చికకు వేసే డీఏపీ ఎరువు రోజూ వచ్చి పడుతుంటే ఏ మందైనా నాలుగు రోజుల ముచ్చటే. ముందు ఆ దారులు మూయించండి. వాన సూచన ఉన్న రోజు పార్కులో ఎరువు వేయొద్దని మాలికి చెప్పండి. పశువులను ఆ నీళ్లు తాగనివ్వకండి, కొన్ని రకాల నాచు విషాన్ని విడుదల చేస్తుంది.