సప్లయర్లనీ డిస్ట్రిబ్యూటర్లనీ ఆన్‌లైన్‌లో కలపాలంటే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి అన్నారు కదా, నా అనుభవం చెప్తాను

మీరు రాసింది చూస్తే నలభై మంది దాకా పార్ట్‌నర్లున్నారు, ఆర్డర్లు ఇంకా మెయిల్లో ఎక్సెల్ ఫైళ్ళుగానే తిరుగుతున్నాయి, ఇప్పుడు అన్నీ ఒక సిస్టమ్‌లోకి తేవాలి, అంతే కదండీ. నేను పదకొండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చూసుకోవచ్చు. మీరు పంపిన ఆర్డర్ అవతలికి వెళ్ళాక దానికేమైందో మీకు తెలిసే దారి ఉందా లేదా, ముందు అది చూసుకోండి.

మొదట్లో నాకే జరిగింది చెప్తా. ఒక సప్లయర్‌కి 24 అని ఆర్డర్ పంపాం, మా లెక్కలో 24 కేసులు, వాళ్ళ సిస్టమ్‌లో అది 24 పీసులుగా పడింది. రెండు వైపులా స్క్రీన్ మీద పచ్చ టిక్కే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. బండి వచ్చి తలుపు తీస్తే అంత పెద్ద లారీలో ఒక మూలన రెండే రెండు అట్టపెట్టెలు, ఎందుకంటే కేసుకి 12 పీసులు. ఆ రోజు గోడౌన్‌లో సరుకు కోసం ఎదురుచూస్తున్న వాళ్ళ మొహాలు నాకు ఇంకా గుర్తున్నాయి. తప్పు కనెక్షన్‌ది కాదు, యూనిట్ కోడ్ ఏది వాడాలో రెండు వైపుల వాళ్ళూ కూర్చుని తేల్చుకోకపోవడం. ఎక్స్12 (కంపెనీల సిస్టమ్‌లు ఆర్డర్లు పంపుకునే ఒక ప్రామాణిక ఫార్మాట్)లో పీసుకి ఈఏ, కేసుకి సీఏ అని వేరే కోడ్లున్నాయి, మేం ఆ ఫీల్డ్‌ని పట్టించుకోలేదు.

అందుకే ఐటెమ్ మాస్టర్‌తో, అంటే మీ సరుకుల వివరాలన్నీ ఉండే అసలు జాబితాతో మొదలుపెట్టండి. పీసుకి ఒక జీటిన్ (సరుకుని గుర్తుపట్టే నంబర్), కేసుకి వేరే జీటిన్ ఉండాలి, రెండిటికీ ఒకటే నంబర్ పెట్టి నడిపేద్దాం అనుకోవద్దు. ఇంకోటి, ఎక్సెల్లో ఆ కాలమ్ టెక్స్ట్‌గా పెట్టకపోతే 14 అంకెల జీటిన్ ముందున్న సున్నా ఎగిరిపోతుంది, పెద్ద నంబరైతే 1.23457ఈ+13 లాగా మారిపోయి కనిపిస్తుంది, అలా కనిపించిందాన్నే ఎవరో సీఎస్‌వీగా సేవ్ చేసి పంపేస్తారు, ఇక ఆ అంకెలు తిరిగి రావు. ఎవరి దగ్గర్నుంచి డేటా వచ్చినా జీటిన్ చివరి చెక్ డిజిట్ (మిగతా అంకెల్నిబట్టి లెక్క కట్టే అంకె) సరిపోయిందో లేదో లోపలికి తీసుకునేటప్పుడే చూసే చిన్న స్క్రిప్ట్ రాయించుకోండి, ఒక్కరోజు పని.

ఇక అసలు విషయం, రసీదులు. ఇందులో మూడు మెట్లున్నాయి, చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. ఏఎస్2లో (ఇంటర్నెట్‌లో ఫైళ్ళు భద్రంగా పంపుకునే పద్ధతి) ఎండీఎన్ అనే రసీదు వచ్చిందంటే ఫైల్ చెక్కుచెదరకుండా అందిందని మాత్రమే అర్థం. ఎక్స్12లో 997 అనే రసీదు వస్తే ఫార్మాట్ ప్రకారం చదవగలిగామని. 855 అనే ఆర్డర్ జవాబు వచ్చినప్పుడే, అందులో సరే అన్నప్పుడే, వాళ్ళు ఆర్డర్ ఒప్పుకున్నట్టు. ఎండీఎన్ చూసి ఆర్డర్ కన్‌ఫర్మ్ అయిందని సేల్స్ వాళ్ళకి చెప్పేసిన టీముల్ని నేను చూశాను, తర్వాత వాళ్ళ తల ప్రాణం తోకకొచ్చింది. ప్రతి ఆర్డర్‌కీ ఈ మూడూ ఒకే వరసలో కనిపించే స్క్రీన్ ఉండాలి, 997 అనుకున్న టైమ్‌లో రాకపోతే మనిషికి అలర్ట్ వెళ్ళాలి.

దీనికి రెండో వైపు కూడా ఉందండోయ్. మీకు ఆర్డర్ వచ్చాక మీరు పంపిన ఎండీఎన్ దారిలో తప్పిపోతే, ఆర్డర్ పంపినవాళ్ళ సిస్టమ్ అదే ఆర్డర్ మళ్ళీ పంపుతుంది, మీ వైపు చెక్ లేకపోతే సరుకు రెండుసార్లు బయల్దేరుతుంది. పంపినవాళ్ళ ఐడీ, పీఓ (కొనుగోలు ఆర్డర్) నంబర్ రెండూ కలిపి చూసి, ఇప్పటికే ఉంటే కొత్తది క్రియేట్ చేయకుండా పాత జవాబే మళ్ళీ ఇవ్వాలి.

ఈడీఐ (ఎక్స్12 లాంటి ప్రామాణిక ఫార్మాట్లలో ఫైళ్ళు పంపుకునే పద్ధతి) పాతదైపోయింది, అన్నీ ఏపీఐలే (ఒక సిస్టమ్ ఇంకోదాన్ని నేరుగా అడిగి జవాబు తీసుకునే దారి) చాలు అని ఎవరైనా అంటే వెంటనే తలూపకండి. ఎక్స్12 పని 1979లో మొదలైంది, ఈడీఐఫ్యాక్ట్ అనే ఇంకో ఫార్మాట్ 1987లో ఐఎస్ఓ 9735 ప్రమాణం అయింది, పెద్ద కంపెనీలు చాలావరకు ఇంకా వీటి మీదే ఉన్నాయి, వాళ్ళతో వ్యాపారం కావాలంటే వాళ్ళ ఫార్మాట్‌లోనే మాట్లాడాలి. స్టాక్ ఎంతుంది, బండి ఎక్కడుంది లాంటి అప్పటికప్పుడు కావలసిన వాటికి ఏపీఐ బాగుంటుంది. చిన్న పార్ట్‌నర్లని మాత్రం దేనికీ బలవంతపెట్టకండి, వాళ్ళకి లాగిన్ అయ్యి ఆర్డర్ చూసుకుని ఒప్పుకునే వెబ్ పోర్టల్ ఇస్తే చాలు, లోపల అది కూడా అదే 855గా మారాలి.

కనెక్షన్‌ని భద్రంగా ఉంచే డిజిటల్ సర్టిఫికెట్ల గడువు ఒక క్యాలెండర్‌లో పెట్టుకోండి. పబ్లిక్ టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2020 సెప్టెంబర్ నుంచి 398 రోజులుండేది, 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. నలభై మందితో చేత్తో మార్చుకుంటూ కూర్చోలేరు, రెన్యువల్ ఆటోమేట్ చేయాల్సిందే. మాకొకసారి శుక్రవారం రాత్రి ఒకటి ఎక్స్‌పైర్ అయితే సోమవారం పొద్దున దాకా ఒక్క ఆర్డర్ కూడా రాలేదు, సెలవులు కాబట్టి తక్కువ వచ్చాయేమో అనుకున్నాం.

నలభై మందినీ ఒకేసారి ఎక్కించకండి, ఎక్కువ ఆర్డర్లు వచ్చే నలుగురైదుగురితో మొదలుపెట్టి, వాళ్ళతో కొన్నాళ్ళు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి పోల్చుకోండి. ఇక సాఫ్ట్‌వేర్ వాళ్ళు డెమోకి వచ్చినప్పుడు అన్నీ సవ్యంగా జరిగే ఆర్డర్ చూపించి వెళ్ళిపోతారు, మీరు మాత్రం యూనిట్ కోడ్ తప్పుగా ఉన్న ఆర్డర్ ఒకటి వాళ్ళ ముందే పంపించి, అది ఎక్కడ ఆగిందో, ఎవరికి కబురు వెళ్ళిందో, సరిచేసి మళ్ళీ ఎలా పంపాలో చూపించమని అడగండి.