కరికులమ్ కమిటీ ఫైలు తెరిచే ముందు ఇది చదువమ్మా

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశాను. కరికులమ్ కమిటీకి నిన్ను కన్వీనర్‌గా వేశారని, కొత్త కరికులమ్ ఎంతవరకు పనిచేస్తా ఉందో తేల్చి మూడేళ్ళకి ప్లాన్ రాసివ్వమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక నిద్ర పట్టట్లేదని రాశావు. ఫోన్‌లో చెప్తే సగం గాల్లో పోతాది, అందుకని కూర్చుని రాస్తా ఉండా. రొంత పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు నేను కళ్ళారా చూసింది చెప్తాను. నెల్లూరు దగ్గర ఒక పీహెచ్‌సీ, వరి కోతల టైమ్, పొద్దున్నే పొలంలో ఒకాయన్ని పాము కరిచిందని ఆటోలో వేసుకొచ్చారు. డ్యూటీలో మన హౌస్ సర్జన్ ఉండాడు, బాగా చదివే పిల్లోడు, ఫైనల్ ఇయర్ వైవాలో ఇరవై నిమిషాల రక్తం గడ్డ కట్టే పరీక్ష గురించి అడిగితే గడగడా చెప్పినవాడే. రెండు ఎమ్మెల్ రక్తం తీసి చేతికందిన ప్లాస్టిక్ ట్యూబులో పోశాడు, ఆగలేక మధ్యలో రెండు మూడు సార్లు వంచి చూశాడు. ఇరవై నిమిషాలైనా గడ్డ కట్టలా. రక్తాన్ని గడ్డ కట్టనీకుండా చేసే రక్తపింజరే కరిచిందనుకొని విషానికి విరుగుడు మందు యాంటీ వీనమ్ ఎక్కించాడు. పది నిమిషాల్లో ఆ పెద్దాయనకి ఒళ్ళంతా దద్దుర్లు, వణుకు, బీపీ పడిపోయింది. స్టాఫ్ నర్సమ్మ అడ్రినలిన్ లోడ్ చేసి పిల్లోడి చేతిలో పెట్టింది, తొడ కండకి వేశాక మెల్లగా తేరుకున్నాడు. నేను ఆ రోజు ఇన్‌స్పెక్షన్ మీద అక్కడే పక్క గదిలో ఉండా. మళ్ళీ రక్తం తీయించి కొత్త గాజు ట్యూబులో పోయించి కదపకుండా పెట్టించాను, ఇరవై నిమిషాలకి ఒకే ఒక్కసారి వంచితే రక్తం జున్నులాగా నిలబడింది. రక్తాన్ని చెడగొట్టే విషం ఆయన ఒంట్లో ఎక్కలా. గాజు తగిలితేనే గడ్డ కట్టడం సరిగ్గా మొదలవతాది, ప్లాస్టిక్‌లో ఆ పరీక్ష పనికిరాదు, సబ్బుతో కడిగిన గాజు ట్యూబు కూడా పనికిరాదు. వైవాలో ఆ మాట ఎవరూ అడగలా.

ఆ పిల్లోణ్ణి నేను తిట్టలా. వాడి ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలా. కాలేజీకి వచ్చి ఆ నెలంతా ఒకటే పని చేశాను, ఈ ఒక్క పరీక్ష మన కోర్సులో ఎక్కడెక్కడ వచ్చిందో వెతికాను. రక్తం ఎట్టా గడ్డ కడతాదో ఫిజియాలజీ వాళ్ళు చెప్పారు. యాంటీ వీనమ్ గురించి ఫార్మకాలజీ వాళ్ళు చెప్పారు. ఏ పాము ఎట్టుంటాదో ఫోరెన్సిక్ వాళ్ళు సీసాల్లో చూపించారు. వైద్యం ఎట్టా చెయ్యాలో మెడిసిన్ వాళ్ళు క్లాస్ తీసుకున్నారు. పీహెచ్‌సీకి పంపింది మేము, కమ్యూనిటీ మెడిసిన్ వాళ్ళం. అయిదు డిపార్ట్‌మెంట్లు, అయిదు రిపోర్టులు, అన్నిట్లో టాపిక్ పూర్తయింది అనే ఉండాది, హాజరు బాగుండాది, పాస్ పర్సెంటేజీ బాగుండాది. ఆ పిల్లోడి చేతిలో గాజు ట్యూబు పెట్టి చెయ్యి నాయనా చూస్తాను అన్నవాళ్ళు మాత్రం ఒక్కరు లేరు.

నీకు చెప్పాల్సింది అంతా ఇందులోనే ఉండాది. కరికులమ్‌ని డిపార్ట్‌మెంట్ల వారీగా కొలిస్తే ఎప్పుడూ బాగున్నట్టే కనపడతాది. డాక్టరు చెయ్యాల్సిన పని వారీగా కొలువు, అప్పుడే సందులు బయటపడతాయి.

కాబట్టి ప్లాన్ మొదటి పేజీలో కాలేజీ విజన్ గురించి పెద్ద పెద్ద మాటలు రాయొద్దు. మన దగ్గర చదువుకొని బయటికి పోయే పిల్లకాయలు ఈ నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో రాత్రి పన్నెండుకి ఒంటరిగా ఏమేం చెయ్యగలగాలో ఒక పది పన్నెండు పనులు రాయి. పాముకాటు, పురుగుల మందు తాగిన కేసు, కాన్పు తర్వాత రక్తం ఆగకపోవడం, దగ్గు తగ్గని మనిషికి టీబీ పట్టుకోవడం, షుగరు బీపీ మందులు మానేసిన వాళ్ళకి నచ్చజెప్పడం, ఇట్టాంటివి. ఎన్ఎంసీ, అంటే జాతీయ వైద్య కమిషన్, ఇచ్చిన కాంపిటెన్సీల (డాక్టరుకి చేతనవ్వాల్సిన పనుల) లిస్టు చాలా పెద్దది, మొత్తం కొలవబోతే మూడేళ్ళు ఎక్సెల్ షీట్లు నింపడానికే సరిపోతాయి. ఆ పన్నెండు పనుల్లో ఒక్కోదానికి అడ్డంగా గళ్ళు గియ్యి: ఎవరు చెప్తారు, ఎవరు చేసి చూపిస్తారు, ఎక్కడ వీళ్ళ చేత చేయిస్తారు, ఎవరు పక్కన నిలబడి చూసి మార్కులేస్తారు. ఖాళీగా మిగిలిన గడే నీ ప్లాన్.

ఈ పన్నెండులో ఫ్లోరోసిస్, అదే తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు, తప్పకుండా పెట్టు, ఇది నా ప్రత్యేకమైన కోరిక. 1937 లో మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటగా రాసింది పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఊళ్ళని చూసే, అప్పుడవి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970 లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అటు పోయాయి. ఇంత దగ్గర్లో ఉండి మన పిల్లకాయలు పరీక్షలో నీళ్ళల్లో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని రాసి మార్కులు తెచ్చుకుంటారు, ఊళ్ళోకి పోతే అరుగు మీద కూర్చున్న తాత మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూస్తా ఉండాడని గమనించరు. కింద రూపాయి బిళ్ళ వేసి మోకాళ్ళు వంచకుండా తియ్యి తాతా అనడం, గడ్డం ఛాతీకి ఆనించమనడం, రెండు చేతులు తల వెనక్కి పెట్టమనడం, మూడూ కలిపి రెండు నిమిషాల పని. ఇప్పుడు పిల్లకాయలు ఊళ్ళో కుటుంబాల్ని దత్తత తీసుకొని వాళ్ళ ఆరోగ్యం చూసే ప్రోగ్రామ్ ఎటూ ఉండాది గదా, అందులో ఈ మూడూ చేశారా లేదా అని నువ్వే ఒకసారి వాళ్ళ వెంట పోయి చూడు. చూస్తే ఆ ప్రోగ్రామ్ నిజంగా జరగతా ఉందో రిజిస్టర్లోనే జరగతా ఉందో కూడా తెలిసిపోతాది.

కోర్సు ఎట్టా నడస్తా ఉందో కొలవడానికి పుస్తకాల్లో మోడల్స్ చాలా కనపడతాయి, భయపడొద్దు. స్టఫుల్‌బీమ్ చెప్పిన సిప్ మోడల్ తీసుకో, 1960ల నాటిది, మనకి బాగా సరిపోతాది. ఊరి అవసరం ఏంది, మన చేతిలో ఏముండాయి, రోజూ ఎట్టా నడస్తా ఉంది, చివరికి ఏం తయారైంది, ఈ నాలుగే. దాని పక్కన కిర్క్‌పాట్రిక్ 1959 లో రాసిన నాలుగు మెట్లు పెట్టుకో: పిల్లలకి నచ్చిందా, నేర్చుకున్నారా, వార్డులో అట్టాగే చేస్తా ఉండారా, పేషెంటుకి మేలు జరిగిందా. మన కాలేజీలు చాలావరకు రెండో మెట్టు దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే అక్కడిదాకా కుర్చీలో కూర్చునే చెయ్యొచ్చు. మూడో మెట్టుకి లేచి వార్డుకి పోవాలి. నువ్వు మూడో మెట్టు దాకా పోతే చాలు, నాలుగోది ఇప్పుడే నెత్తిన వేసుకోవద్దు, పేషెంటు కోలుకోవడంలో మందులు, అంబులెన్సు, ఇంట్లో డబ్బు అన్నీ కలుస్తాయి, అదంతా కరికులమ్ ఖాతాలో వెయ్యలేం.

ఫీడ్‌బ్యాక్ ఫారాల సంగతి. ఒక ఏడాది మేము పరీక్షల ముందు హాల్ టికెట్లు ఇచ్చే రోజు ఫారాలు పంచాం, అన్నిట్లో గుడ్, వెరీ గుడ్. పేరు రాయొద్దు అన్నాం గానీ రోల్ నంబర్ వరసలోనే తీసుకున్నాం, పిల్లలు పిచ్చోళ్ళు కాదు గదా. ఆ అంకెలు పట్టుకొని అంతా బాగుందని రిపోర్ట్ రాసి సంతకం పెట్టాను, ఆ తప్పు నాదే. నువ్వు రిజల్ట్స్ వచ్చేశాక అడుగు, హౌస్ సర్జన్లని అడుగు, నాలుగైదు ప్రశ్నలకి మించొద్దు, డబ్బాలో వేయించు. అంతకన్నా ముఖ్యం స్టాఫ్ నర్సుల్ని, ఏఎన్ఎమ్‌లని, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లని అడగడం. రాత్రి డ్యూటీలో మన పిల్లోడు పక్కనుంటే మీకు ధైర్యంగా ఉంటాదా, దేనికి మీరే పరిగెత్తాల్సి వస్తాది అని అడిగి చూడు, ఏ ఫారంలోనూ రానిది వాళ్ళు అయిదు నిమిషాల్లో చెప్తారు.

కొలిచేటప్పుడు అందర్నీ కొలవాలని లేదు. చీటీలు వేసి ఓ ముప్పై మంది హౌస్ సర్జన్లని తియ్యి, వేరే డిపార్ట్‌మెంట్ టీచర్ చేతికి చెక్‌లిస్ట్ ఇచ్చి చూడమను. హార్డెన్ 1975 లో మొదలుపెట్టిన ఆస్కీ (ఓఎస్‌సీఈ) స్టేషన్లు, అంటే ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేయించి చెక్‌లిస్ట్‌తో మార్కులేసే పరీక్ష, అందుకు బాగా పనికొస్తాయి, స్కిల్ ల్యాబ్‌లో పెట్టుకోవచ్చు. అయితే మిల్లర్ 1990 లో గీసిన పిరమిడ్ గుర్తుందా, తెలుసు, ఎట్టా చెయ్యాలో తెలుసు, చేసి చూపిస్తాడు, నిజంగా చేస్తాడు అని. ఆస్కీ మూడో అంతస్తు దాకే పోతాది, పైదానికి క్యాజువాలిటీలో పక్కన నిలబడాల్సిందే. ఇంకో ముఖ్యమైన మాట, కొలవక ముందే కమిటీలో మినిట్స్ రాయించు, పదిమందిలో కనీసం ఎనిమిది మందైనా సరిగ్గా చెయ్యలేకపోతే ఏం మారుస్తాం, ఎవరు మారుస్తారు, ఏ నెల లోపల అని. అంకెలు వచ్చాక కూర్చుంటే ప్రతి డిపార్ట్‌మెంటూ వాళ్ళ సాకు వాళ్ళు చెప్తారు, మంచి మనుషులే అయినా సరే.

మొదటి ఏడు ఏమీ మార్చొద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టు కొలువు. తొందరపడి మారిస్తే దేంతో పోల్చాలో కూడా తెలీదు. రెండో ఏడు రెండే రెండు మార్పులు, మూడో ఏడు అదే చెక్‌లిస్ట్‌తో మళ్ళీ కొలత. ప్రిన్సిపాల్ గారు ఇంకా స్పీడ్‌గా కావాలంటారు, గట్టిగా నిలబడు.

2019 బ్యాచ్ గురించి జాగ్రత్త. సీబీఎంఈ, అదే పని చేతనవ్వడం మీద నడిచే ఈ కొత్త కరికులమ్, కింద చేరిన మొదటి బ్యాచ్ వాళ్ళే, చేరిన కొన్ని నెలలకే కోవిడ్ వచ్చింది, ఎన్నో నెలలు ఫోన్లో క్లాసులు విన్నారు, పేషెంటు మంచం పక్కన నిలబడాల్సిన రోజులు పోయాయి. వాళ్ళ మార్కులు చూపించి కొత్త పద్ధతే దండగ అనేవాళ్ళు నీ కమిటీలోనే ఉంటారు. పద్ధతి తప్పా, రోజులు చెడ్డవా అనేది వాళ్ళ ఒక్కరితో తేలదు, తర్వాత బ్యాచ్‌లు పక్కన పెట్టి చూడు.

ఆదివారం నెల్లూరు వస్తానన్నావు గదా. వచ్చేటప్పుడు హౌస్ సర్జన్ల లాగ్‌బుక్కులు ఓ పది తీసుకురా, ఏరి తేవద్దు, చేతికొచ్చినవి తీసుకురా, ఇద్దరం కూర్చుని ఆ పన్నెండు పనుల గళ్ళు ఇక్కడే గీద్దాం. ఆలోపు రేపు పొద్దున క్యాజువాలిటీ స్టోర్‌లో కొత్త గాజు ట్యూబులు ఎన్ని ఉండాయో చూసి నాకు మెసేజ్ పెట్టు.