ఏదుపంది తన ముళ్ళను శత్రువు మీదికి విసురుతుందా?

విసరదు. చాలామంది నమ్మే మాటే అయినా, ముళ్ళను దూరానికి చిమ్మే శక్తి ఏ ఏదుపందికీ లేదు. అవి గట్టిపడిన వెంట్రుకలు. మన గోళ్ళలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతాయి.

మన అడవుల్లోని ఏదుపంది ముందు హెచ్చరిస్తుంది. ముళ్ళు నిక్కబొడుచుకుని, తోక చివర ఉన్న బోలు ముళ్ళను గలగలలాడిస్తుంది. దాడికి దిగకుండానే ముప్పు తప్పించుకునే ఈ పద్ధతే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. చిరుత లాంటి శత్రువు అప్పటికీ తగ్గకపోతే, ఏదుపంది అటు తిరిగి వెనక భాగంతో వేగంగా వచ్చి గుద్దుతుంది. చర్మానికి వదులుగా అంటుకున్న ముళ్ళు ఊడి శత్రువు ఒంట్లో దిగిపోతాయి. విసిరినట్టు అనిపించేది అందుకే.

ఆ గాయాలు చిన్నవి కావు. ఉత్తరాఖండ్ కొండప్రాంతమైన కుమావూన్‌లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపిన ముక్తేశ్వర్ ఆడపులి అంతకుముందు ఏదుపందితో పోరులో ఒక కన్ను పోగొట్టుకుంది. దాని ముందుకాల్లో సుమారు 50 ముళ్ళు గుచ్చుకున్నాయి. మామూలుగా వేటాడలేని ఆ స్థితిలోనే అది మనుషుల మీద పడింది.

ఏదుపందికి మాత్రం ఊడిన ముళ్ళ చోట కొత్తవి మొలుస్తాయి.