సైకిల్ సందేహాలు: చలికాలం ముందు మట్టి బాటల్లో ఒంటరిగా

ప్రశ్న: మాది వికారాబాద్. ఆదివారాల్లో చెరువు కట్టలు, పొలం బాటల మీదుగా ఒక్కడినే ముప్ఫై కిలోమీటర్లు తొక్కుతుంటాను. ఇన్నాళ్లూ సాయంత్రం 4 గంటలకు బయల్దేరేవాడిని. చలికాలంలోనూ అదే వేళ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. జూన్ నెలాఖరులో మీ వైపు పొద్దు గుంకేసరికి 6:50 దాటుతుంది. నవంబరు మూడో వారానికి 5:40 ప్రాంతానికే గుంకుతుంది. ఆ తర్వాత రాయేదో గుంతేదో తెలిసే వెలుతురు ఇరవై నిమిషాలకు మించి ఉండదు. (డిసెంబరు 21 దాకా పొద్దు ఇంకా ఇంకా ముందే గుంకుతుందని చాలామంది అనుకుంటారు. మన ప్రాంతంలో నవంబరు చివరికే అది ఆగిపోతుంది. తెల్లవారడం మాత్రం జనవరి దాకా ఆలస్యమవుతూనే ఉంటుంది.)

మట్టి బాటలో గంటకు 10 కిలోమీటర్లే లెక్క వేసుకోండి. ముప్ఫైకి మూడు గంటలు, పంక్చర్‌కు ఇంకో అరగంట. అందుకే ఉదయం 6:30 మంచి వేళ. సాయంత్రమే వీలైతే 2 గంటలకే బయల్దేరండి. ఎంత దూరం వచ్చారన్నది చూడకుండా 3:30కి వెనక్కి తిరగండి. లైటు ఎలాగూ ఉండాలి, ముందు కనీసం 400 ల్యూమెన్లది (ల్యూమెన్ అంటే వెలుగు కొలత), వెనక ఎర్రది.

ఇది వరి కోతల కాలం కూడా. ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రి వాటి మీద టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. తారు రోడ్డు మీద ఆ కుప్ప చీకట్లో కనపడదు. చక్రం వడ్ల మీదికి ఎక్కిందా, బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి. తొక్కడం ఆపి నేరుగా పోనివ్వండి. చీకటి పడింది కదా అని చేలకు అడ్డంపడి దగ్గరి దారి మాత్రం వెతక్కండి. అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం నేరమే అయినా ఆ అలవాటు ఇంకా పోలేదు. అనంతగిరి అడవి లోపలి బాటలకు ముందుగా అటవీ శాఖను అడిగే వెళ్లండి.

ప్రశ్న: వానాకాలమంతా ఒక్క పంక్చర్ కాలేదు. దసరా దాటాక వరసగా అవుతున్నాయి. టైరు మార్చాలా?

జవాబు: ముందు బాట అంచులు చూడండి. వానలకు నేల మీద పాకిన పల్లేరు ఇప్పుడు ఎండి కాయలు రాలుస్తోంది. ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సర్కారు తుమ్మ కొమ్మలు నరికి బాట పక్కన పడేసేదీ ఈ రోజుల్లోనే. కాబట్టి అంచున కాకుండా ట్రాక్టర్ టైరు నడిచిన జాడలోనే తొక్కండి.

ఒకే చోట మళ్లీ పంక్చర్ అవుతోందంటే ముల్లు టైరులోనే ఉందన్నమాట. ట్యూబ్ తీశాక టైరు లోపల చుట్టూ గుడ్డతో తుడవండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే ముల్లు అక్కడే. వేలితో వెతికితే వేలే తెగుతుంది. ప్యాచ్ ఊడిపోవడానికి అసలు కారణం తొందర. ప్యాచ్ కంటే కాస్త వెడల్పుగా ట్యూబ్ మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, తడి పోయేదాకా ఆగాలి. మామూలుగా ఐదు నిమిషాలు, మంచు పడే పొద్దున ఇంకాస్త ఎక్కువ. తడి మీద అతికిస్తే నాలుగు కిలోమీటర్లలోనే ఊడుతుంది.

పక్కపక్కన రెండు రంధ్రాలు కనిపిస్తే తప్పు ముల్లుది కాదు. గాలి తగ్గిన ట్యూబ్ రాయికీ రిమ్ముకీ మధ్య నలిగింది. 70 కిలోల మనిషి 2.1 అంగుళాల టైరులో ట్యూబ్‌తో వెళ్తుంటే ముందు 28-30, వెనక 32-34 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలి. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 30 పీఎస్‌ఐ కొట్టిన టైరు మర్నాడు పొద్దున 15 డిగ్రీల చలిలో 28 చూపిస్తుంది. గాలి ఎక్కడా పోలేదు, చలికి ఒత్తిడి తగ్గిందంతే. బయల్దేరే పొద్దునే గేజ్ పెట్టి చూసుకోండి.

ప్రశ్న: మొన్న వాన పడ్డ మర్నాడు రేగడి బాటలో చక్రం తిరగలేదు. గట్టిగా తొక్కితే వెనక డిరైలర్ (గేరు మార్చడానికి చైన్‌ను పక్కకు జరిపే భాగం) చువ్వల్లోకి పోయి విరిగింది. సైకిల్ నాసిరకమా?

జవాబు: ఎంత ఖరీదైన సైకిలైనా అలాగే విరుగుతుంది. బంక మట్టి, దానికి అంటుకున్న గడ్డి కలిసి డిరైలర్ చిన్న చక్రాలను బిగించేస్తాయి. చైన్ కదలదు. మీ బలమంతా డిరైలర్‌ను వెనక్కి లాగి చువ్వల్లో పడేస్తుంది. మట్టి టైరుకు పొరలా అంటుకోగానే దిగి, సైకిల్ ఎత్తి పక్కకు నడవండి, పుల్లతో గీకండి. వాన వెలిశాక ఎర్ర మొరం బాట ఒక రోజులో ఆరుతుంది. రేగడికి మంచి ఎండ మూడు రోజులైనా కావాలి.

సాధారణంగా ముందు విరిగేది హ్యాంగర్, డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క. ఫ్రేమును కాపాడటానికే దాన్ని మెత్తగా చేస్తారు. ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం కాబట్టి మీ సైకిల్‌దే ఒకటి కొని సంచిలో వేసుకోండి. ఒంటరిగా వెళ్లేవారికి ఇది రెండో ట్యూబ్ కంటే ముఖ్యం. దాంతోపాటు ఒక ట్యూబ్, ప్యాచ్‌లు, టైరు ఊడదీసే లివర్లు రెండు, పంపు, చైన్ కట్టర్, తెగిన చైన్‌ను కలపడానికి దానికి సరిపోయే క్విక్ లింక్, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు ఉంటే చాలు.

ప్రశ్న: వానాకాలంలో వేసిన చైన్ ఆయిలే కొనసాగించవచ్చా?

జవాబు: వద్దు. చిక్కటి ఆయిల్ దుమ్మును పట్టి గరుకు కాగితంలా చైన్‌ను అరగదీస్తుంది. చైన్ కడిగి, పూర్తిగా ఆరాక పొడి వాతావరణానికి వాడే చైన్ ఆయిల్ (డ్రై లూబ్) చైన్‌లోని ఒక్కో రోలర్‌కు ఒక చుక్క వేయండి. అది ఇంకాక పైన మిగిలింది తుడిచేయండి.

ప్రశ్న: ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లం. ఇంట్లో ఏం చెప్పి వెళ్లాలి? చలికి మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకోవచ్చా?

జవాబు: ఏ ఊరి మీదుగా వెళ్తారో, ఎక్కడ వెనక్కి తిరుగుతారో, ఎన్నింటికి ఇంటికి చేరతారో రాసి ఇవ్వండి. ఆ వేళ దాటి అరగంట అయినా మీ ఫోన్ రాకపోతే వాళ్లేం చేయాలో కూడా రాయండి. సిగ్నల్ లేని చోటుకు మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆపదకు 112, అంబులెన్స్‌కు 108. కుక్క వెంటపడితే దిగి సైకిల్‌ను దానికీ మీకూ మధ్య అడ్డంగా పెట్టి నడవండి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేరే దారి చూడండి.

మంకీ క్యాప్ వద్దు. దాని మందానికి హెల్మెట్ పైకి లేస్తుంది, చెవులు మూసుకుపోయి వెనక ట్రాక్టర్ వినపడదు. పలచటి గుడ్డ కట్టుకుని, హెల్మెట్ పట్టీ మళ్లీ బిగించుకోండి, గడ్డం కింద రెండు వేళ్లు దూరేంత.