తమ్ముడికి ప్రార్థన రావడం లేదట... అమ్మకు చెప్పాలా?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. నాకు 27 ఏళ్లు. అమ్మ, నేను, తమ్ముడు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో సభ్యులం. బయట అందరూ మోర్మన్లు అంటారు. నాన్న మాత్రం గుంటూరులో తాను పుట్టి పెరిగిన లూథరన్ చర్చినే వదల్లేదు. తమ్ముడు ఇంజినీరింగ్ మధ్యలో ఆపి, రెండేళ్ల మిషన్ మీద, అంటే సంఘం తరఫున మత ప్రచార సేవకు, ఫిలిప్పీన్స్ వెళ్లాడు. ఇప్పుడు ఇలోయిలో అనే నగరం దగ్గర ఉన్నాడు. వెళ్లి 15 నెలలైంది. వారం వారం వీడియో కాల్‌లో అమ్మతో నవ్వుతూనే మాట్లాడతాడు. పోయిన వారం నాకొక్కదానికే మెయిల్ పెట్టాడు. "అక్కా, రోజంతా జనానికి ప్రార్థన చేయండి, జవాబొస్తుంది అని చెబుతున్నా. నేను చేస్తే మాత్రం గోడతో మాట్లాడినట్టుంది. ఊరంతా క్రిస్మస్ లైట్లు, నాకేమీ అనిపించడం లేదు. అమ్మకు చెప్పకు" అని. అమ్మకు తెలిస్తే బెంగ పెట్టుకుంటుంది. నాన్నకు తెలిస్తే "నేను ముందే చెప్పానా" అంటారు. వాడి విశ్వాసం నిలబడాలంటే నేనేం చేయాలి?

జవాబు: మీ తమ్ముడు రాసిన నాలుగు ముక్కల్లో అసలు బాధ మొదటి ముక్కలోనే ఉందమ్మా. "రోజంతా జనానికి చెబుతున్నా" అన్నాడు చూడండి, అక్కడ.

మామూలు కుర్రాడికి దేవుడి మీద నమ్మకం కాస్త సడలితే ఏం చేస్తాడు? ఆదివారం ఆలస్యంగా లేస్తాడు. నాలుగు వారాలు చర్చికి డుమ్మా కొడతాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోరు, తనలో తనే తేల్చుకుంటాడు. మీ తమ్ముడికి ఆ వెసులుబాటు లేదు. ఆరున్నరకు లేవాలి, తెల్లచొక్కా వేసుకోవాలి, నల్ల బ్యాడ్జీ పెట్టుకోవాలి, ఇంటింటికీ వెళ్లి "మోర్మన్ గ్రంథం చదవండి, నిజమో కాదో దేవుణ్నే అడగండి, జవాబిస్తాడు" అని చెప్పాలి. మీ సంఘంలో మిషనరీ చేసే పనికి ఆ పిలుపే గుండెకాయ. జవాబు తనకే అందనప్పుడు అదే మాట రోజుకు పదిసార్లు చెప్పాల్సి వస్తే, "నేను వీళ్లను మోసం చేస్తున్నానా" అనిపించకుండా ఎలా ఉంటుంది? పైగా పక్కన ఎప్పుడూ కంపానియన్, అంటే జోడీగా పనిచేసే మరో మిషనరీ, ఉంటాడు. ఒంటరిగా కూర్చుని ఏడవడానికి కూడా చోటుండదు.

ఇక ఊరు చూస్తే ఫిలిప్పీన్స్. అక్కడ క్రిస్మస్ సెప్టెంబర్‌లోనే మొదలవుతుంది. పేరు చివర 'బర్' వచ్చే నెలలన్నీ వాళ్లకు పండగే. డిసెంబర్ 16 నుంచి 24 వరకు తెల్లవారకముందే కాథలిక్కులు పూజలకు వెళ్తారు. చర్చి బయట అరిటాకు మీద కాల్చిన బిబింకా రొట్టెలు అమ్ముతారు. ఇంటింటికీ 'పరోల్' అనే నక్షత్ర దీపం వేలాడుతుంది. మన ఇళ్ల ముందు కట్టే స్టార్‌కు అది సొంత అన్నలాంటిది. 24 అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని భోంచేస్తారు, పాటల మెషీన్లు పెట్టి పాడుకుంటారు. మీ తమ్ముడు నియమం ప్రకారం పదిన్నరకే పడుకుని ఆ పాటలు గోడ అవతల నుంచి వినాలి. పండగ లేని దేశంలో ఉంటే ఇంత గుచ్చుకునేది కాదేమో. మొదటి ఏడాది అన్నీ కొత్త కాబట్టి గడిచిపోయి ఉంటుంది. రెండో క్రిస్మస్‌కు ఆ కొత్తా లేదు, ఇల్లూ దగ్గర్లో లేదు. (నేను హాస్టల్లో ఉన్నప్పుడు కూడా అంతే. మొదటి క్రిస్మస్‌కు కేకు తిన్నాను, రెండో క్రిస్మస్‌కు జ్వరమని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకున్నాను.)

అందుకే "విశ్వాసం నిలబడాలంటే" అని మీరు అడిగినదాన్ని కాసేపు పక్కన పెడదాం. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. వాడికి రుచి తగ్గింది ప్రార్థన ఒక్కదానిలోనా, అన్నింటిలోనా? సెలవు రోజున బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడా? తిండి సయిస్తోందా? రాత్రి నిద్ర పడుతోందా? ఇవన్నీ బాగుండి ప్రార్థన ఒక్కటే పొడిబారితే అది విశ్వాసానికి సంబంధించిన విషయం, దానికి సమయం ఇవ్వాలి. అన్నం, ఆట, నిద్ర, పాట అన్నీ ఒకేసారి చప్పబడితే ప్రార్థన మాత్రం ఎలా వెచ్చగా ఉంటుంది? అప్పుడది మనసు అలసట, డిప్రెషన్ కూడా కావచ్చు. దానికి ఇంకాస్త గట్టిగా ప్రార్థించమనడం జ్వరానికి పరుగెత్తమన్నట్టు ఉంటుంది.

ఈ సంగతి మీ సంఘానికీ తెలుసు. మిషనరీలకు ఇచ్చే ఒక చిన్న పుస్తకంలో ఒత్తిడిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు మెట్లుగా చెప్పారు. "నువ్వే రంగులో ఉన్నావురా?" అని అడగండి. "నీ విశ్వాసం ఎలా ఉంది?" అంటే వాడు అబద్ధం చెబుతాడు. రంగు అడిగితే నిజం చెప్పడం తేలిక. నారింజ అన్నా, ఎరుపు అన్నా అదే రోజు అక్కడి మిషనరీల బాధ్యత చూసే మిషన్ ప్రెసిడెంట్‌కు ఫోన్ చేయమనండి. మిషనరీలను కౌన్సెలర్లతో మాట్లాడించే ఏర్పాటు వాళ్లకు ఉంది. వాడు చేయకపోతే మీరే చేయండి. "బతకాలని లేదు" అన్న ధోరణి ఏ మాటలో వినిపించినా ఎవరి అనుమతి కోసమూ ఆగకండి.

ఒక జాగ్రత్త. మీ వార్డులో, అంటే మీ స్థానిక సంఘంలో, ఎవరో ఒకరు గోర్డన్ హింక్లీ కథ చెబుతారు. 1933లో ఇంగ్లండ్‌కు మిషన్ మీద వెళ్లిన ఆ కుర్రాడు, నా కాలమూ నీ డబ్బూ వృథా చేస్తున్నానని తండ్రికి ఉత్తరం రాశాడు. "నిన్ను నువ్వు మర్చిపో, వెళ్లి పని చూసుకో" అని తండ్రి ఒక్క ముక్కలో జవాబు రాశాడు. కుర్రాడు నిలదొక్కుకున్నాడు, 1995లో సంఘానికే అధ్యక్షుడయ్యాడు. గొప్ప కథే. కానీ ఆ కుర్రాడు తన మనసులో మాట తండ్రికే రాసుకోగలిగాడు. మీ తమ్ముడు మెయిల్ అక్కకు పెట్టి, అమ్మకు చెప్పకు అన్నాడు. తేడా అక్కడుంది. 15 నెలలుగా తనను మర్చిపోయే పనిచేస్తున్నవాడికి మళ్లీ అదే మందు వేయకండి.

బదులుగా మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయం గుర్తు చేయండి. జబ్బు పడిన కొడుకును తెచ్చిన తండ్రి, నమ్ముతున్నానని ఏడుస్తూనే నా అపనమ్మకానికి సాయం చేయమంటాడు. అప్పట్లో మీ సంఘంలో అపొస్తలుడిగా ఉన్న జెఫ్రీ హాలండ్ 2013 ఏప్రిల్ మహాసభలో మాట్లాడింది ఈ మాట మీదే. ఉన్న నమ్మకాన్ని ముందు పట్టుకో, లేనిదాన్ని చూసి మొదలుపెట్టకు అన్నది అందులో సారాంశం. మీ తమ్ముడు రేపు ఏ ఇంట్లోనైనా "జవాబొస్తుంది" అని చెప్పలేకపోతే, "నేనూ ఇంకా అడుగుతూనే ఉన్నాను" అని చెప్పొచ్చు. అది అబద్ధం కాదు. వినేవాళ్లకు కూడా అదే ఎక్కువ నచ్చుతుందని నా అనుమానం.

ఇప్పుడు అమ్మ. 2019 ఫిబ్రవరి వరకు మిషనరీలు ఇంటికి ఫోన్ చేసేది ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మదర్స్ డేకీ. ఇప్పుడు వారం వారం మాట్లాడొచ్చు. మంచిదే. కాకపోతే చాలా ఇళ్లలో ఆ కాల్ పరీక్ష పేపర్ అయిపోయింది. ఎంతమంది వింటున్నారు, ఎవరైనా బాప్తిస్మం తీసుకున్నారా, సంతోషంగా ఉన్నావా... మీ అమ్మగారూ ఇవే అడుగుతుంటారు కదా? వాడు నవ్వేది అందుకే. ఆవిడకు మెయిల్ చూపించకండి, అది వాడు మీ మీద పెట్టుకున్న నమ్మకం. "క్రిస్మస్‌కు బెంగగా ఉన్నాడు, ఈ నెల పని గురించి అడగొద్దమ్మా" అని మాత్రం చెప్పండి. అందులో అబద్ధమూ లేదు, నమ్మకద్రోహమూ లేదు. "నీ ఒంటికీ ప్రాణానికీ సంబంధించినదైతే మాత్రం దాచను" అని తమ్ముడికి కూడా ఇప్పుడే చెప్పేయండి.

మీరు భయపడుతున్న నాన్నగారి దగ్గరే నాకు దారి కనిపిస్తోంది. మీ ఇంట్లో, మీ వార్డులో అందరికీ వాడు ఎల్డర్, అంటే మిషనరీ. నాన్నగారికి మాత్రం కొడుకు. ఆయన ముందు వాడు సాక్ష్యం చెప్పక్కర్లేదు, గెలవక్కర్లేదు. "చెప్పానా" అంటారని మీ భయం. అంటారేమో కూడా. కాబట్టి ముందు మీరొక్కరే ఆయనతో కూర్చోండి. చదువు ఆపినప్పుడు ఆయనకు కలిగిన బాధ నిజమైనదే, అది ఒప్పుకోండి. ఆ తర్వాత అడగండి: "వాడు రెండేళ్లు పూర్తి చేసినా, రేపే వచ్చేసినా ఇల్లు ఇల్లే అని మీ నోటితో ఒక్కసారి చెప్తారా నాన్నా?" మిషన్ మధ్యలో తిరిగొచ్చిన పిల్లలను సంఘంలో కొందరు ఓడిపోయినట్టు చూస్తారు. ఆ భయంతో అక్కడే ఉండిపోవడం ఒకటి, తలుపు తెరిచే ఉందని తెలిసి ఉండాలని ఎంచుకోవడం ఇంకొకటి. తలుపు తెరిచి ఉందని తెలిసినవాళ్లు తరచూ ఉండిపోవడం నేను చూశాను. ఉండకపోయినా నేరమేమీ లేదు.

డిసెంబర్ 24న వాళ్లకు మనకన్నా రెండున్నర గంటలు ముందు. పదిన్నరకు వాడు పడుకోవాలి కాబట్టి, మీకు సాయంత్రం ఏడు గంటలకల్లా కాల్ అయ్యేలా మాట్లాడుకోండి. ఆ రోజు ఫోన్ ముందు నాన్నగారికివ్వండి. చిన్నప్పుడు గుంటూరులో వెదురు పుల్లలతో, రంగు కాగితంతో స్టార్ కట్టిన సంగతి చెప్పమనండి. పరోల్ కూడా వెదురుతోనే చేస్తారు, వాడు చూపిస్తాడు. ఇద్దరికీ మాటలు అక్కడి నుంచే దొరుకుతాయి.

పార్శిల్ అంటారా, ఇప్పుడు పంపితే జనవరిలో చేరుతుంది. అమ్మను కొబ్బరి లౌజు ఎలా చేయాలో వీడియోలో చెప్పమనండి. అక్కడ కొబ్బరికి కొదవ లేదు, మన బెల్లం లాంటి ముడి చక్కెర కూడా ఆ ప్రాంతంలోనే తయారవుతుంది. కంపానియన్‌తో కలిసి చేసుకుని ఇంటివాళ్లకు నాలుగు ఉండలు ఇస్తాడు. పాకం ముదిరిపోతే ముదరనివ్వండి, మళ్లీ ఫోన్ చేయడానికి ఓ సాకు దొరుకుతుంది.